యల్లాప్రగడ సుబ్బారావు: మందు, ఎంజైము, ఆర్.ఎన్.ఎ.

పరిచయం

మీరు జంషెడ్‌పూర్‌లో ఉంటున్నట్లయితే, కద్మా వంటి పేటలో ఉండి ఈ పుస్తకం చదువుకుంటున్నట్లయితే, మెహర్‌బాయి టాటా పేరు వినే ఉంటారు. నగరంలో 1975లో ఏర్పడిన క్యాన్సర్ ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. ఉక్కు కర్మాగారాన్ని నిలబెట్టిన దొరాబ్జీ టాటాకు ఆమె భార్య. 1931లో ఆమె రక్త క్యాన్సర్‌తో మరణించారు. ఈ జబ్బును వైద్యులు ల్యుకేమియా అంటారు. ఆ కుటుంబానికి డబ్బుకు లోటు లేదు. ఏ దేశానికైనా వెళ్ళి, ఎంతటి వైద్యుడికైనా చూపించుకోగలరు. కాని ఆ జబ్బును లొంగదీసే మందు ఆనాడు ఏ దేశంలోనూ లేదు.

సరిగ్గా ఆ సంవత్సరంలో అమెరికాలోని బోస్టన్ నగరంలో ముప్పై ఆరేళ్ళ తెలుగువాడు ఒకరు ప్రయోగశాలలో పనిచేస్తున్నారు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మరో పదహారేళ్ళకు ఆయన బృందం తయారుచేసిన పదార్థమే ల్యుకేమియా ఉన్న పిల్లలలో జబ్బును మొదటిసారిగా వెనక్కి నెట్టింది. అయితే జబ్బు మళ్ళీ తిరిగి వచ్చింది. ఎందుకు తిరిగి వచ్చిందన్న ప్రశ్నకు జవాబులో ఒక భాగం ఆయన మరణించిన నాలుగు దశాబ్దాలకు గాని దొరకలేదు. ఆ జవాబు మన కణాలలోని ఎంజైములకూ ఆర్.ఎన్.ఎ.కూ ఉన్న ఒక సంబంధంలో దాగి ఉంది.

ఈ పాఠంలో మీరు సుబ్బారావు జీవితాన్ని, ఆ సంబంధాన్ని కలిపి చదువుతారు. విజ్ఞానశాస్త్రం చదివి చాలా కాలమయిందని వెనుకాడకండి. అవసరమైన మాటలను ఎక్కడికక్కడ వివరించాము.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల కుటుంబం. తండ్రి సంపాదన అంతంతమాత్రం. పదమూడేళ్ళ వయసులో కుర్రవాడు ఇల్లు వదిలి కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని అతని ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకువచ్చారు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి ఉత్తీర్ణుడయ్యాడు. చదువు మధ్యలో ఆగిపోయి మళ్ళీ పుస్తకం పట్టిన మీలో కొందరికి ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్నప్పుడు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం నేర్చి ప్రజలకు సేవ చేద్దామని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులూ, తరువాత పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ చదువుకు డబ్బు సర్దారు. అది గాంధీజీ పిలుపు దేశమంతా మార్మోగుతున్న కాలం. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్ళారు. అది తెల్లదొర అయిన ఆచార్యుడికి నచ్చలేదు. చివరికి ఆయన చేతికి వచ్చింది పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టా. దానితో ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరే అవకాశం లేకపోవడంతో మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

1921లో ఆ ఇంటిమీద పెద్ద దెబ్బ పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో మరణించారు. ఇద్దరినీ బలిగొన్న జబ్బు స్ప్రూ. ఇది ఉష్ణదేశాలలో వచ్చే పేగుల వ్యాధి. పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్న ఆహారంలోని పోషకాలు రక్తంలోకి చేరవు. విరేచనాలు ఆగవు, మనిషి చిక్కి శల్యమవుతాడు, రక్తం పలచబడుతుంది. సుబ్బారావును కూడా ఈ జబ్బు పట్టింది గాని ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. స్ప్రూకు మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో ఇక్కడే మొదలయిందని జీవిత చరిత్రకారులు అంటారు. అలా అనుకోవడానికి తగిన కారణమే ఉంది. ఆయన తరువాత చేసిన పని అంతా తిరిగి తిరిగి ఆ జబ్బు దగ్గరికే చేరింది.

మామగారి సహాయంతోనూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతోనూ ఆయన 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని భార్య శేషగిరికి చెప్పి వెళ్ళారు. ఆయన వెళ్ళిన తరువాత కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. భార్యను కూడా ఆయన మళ్ళీ ఎన్నడూ చూడలేదు. ఇంత పెద్ద జీవితాన్ని చెప్పేటప్పుడు ఈ విషయాన్ని పక్కకు నెట్టడం సరికాదు. ఆయన సాధించిన దానికి మూల్యం చెల్లించినవారిలో ఆమె కూడా ఒకరు.

కండరంలో దొరికిన ఏ.టి.పి.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, ఖర్చులకోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ సుబ్బారావు రోజులు గడిపారు. తరువాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. 1925లో వారిద్దరూ రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. చూడటానికి చిన్న విషయంగా కనిపిస్తుంది గాని ఈ కొలత చేతిలో ఉండబట్టే తరువాతి కనుగోళ్ళు సాధ్యమయ్యాయి. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో విద్యార్థులు ఇప్పటికీ దీనిని నేర్చుకుంటున్నారు.

ఆ కొలతతో కండరాన్ని పరీక్షించినప్పుడు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం, 1929లో ఏ.టి.పి. దొరికాయి. ఏ.టి.పి.ని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. మీరు మెట్లు ఎక్కినా, బిందె ఎత్తినా, కనురెప్ప ఆర్పినా కణంలో ఖర్చయ్యేది ఏ.టి.పి. తిన్న అన్నంలోని శక్తిని కణం ముందుగా ఏ.టి.పి. రూపంలోకి మార్చుకుంటుంది. తరువాత చిల్లర డబ్బులా అవసరమైన చోట ఖర్చు పెడుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పనికివస్తుంది. ఆర్.ఎన్.ఎ. అనే పొడవైన గొలుసును కణం నాలుగు రకాల ముక్కలతో అల్లుతుంది. ఆ నాలుగింటిలో ఒకటి ఏ.టి.పి.యే. అంటే కణంలో శక్తికి నాణెంగా చెలామణి అయ్యేదే, సమాచారాన్ని రాసుకోవడానికి అక్షరంగా కూడా ఉపయోగపడుతుంది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు మారారు.

ఆకులో ఉన్న విటమిను

ఈ కథలో తరువాతి అంకం నిజానికి మన దేశంలోనే మొదలయింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీలలో ఒక రకం రక్తహీనతను గమనించారు. ఈస్టు నుంచి తీసిన సారం ఇస్తే అది తగ్గుతున్నదని 1931లో తెలియజేశారు. ఆ సారంలో ఏదో పోషకం ఉంది. అదేమిటో ఆమెకు దొరకలేదు. పదేళ్ళ తరువాత అమెరికాలో పాలకూర ఆకుల నుంచి ఇటువంటి పదార్థాన్నే తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

ఆకులలోనూ కాలేయంలోనూ ఈ పదార్థం ఉండేది చాలా కొద్ది. రోగులకు ఇవ్వాలంటే దానిని ప్రయోగశాలలో తయారుచేయగలగాలి. సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం దాని నిర్మాణాన్ని తెలుసుకుని 1945లో తయారీని ప్రకటించింది. ఆ తరువాత జరిపిన పరీక్షలలో స్ప్రూ రోగుల రక్తం ఫోలిక్ ఆమ్లంతో కోలుకుంది. 1921లో రెండు పాడెలు లేచిన ఆ ఇంటికి ఈ మందు ఇరవై నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్‌ను కూడా ఇదే పరిశోధనశాల 1947లో అందించింది. ఫైలేరియా నివారణ కార్యక్రమంలో ఇంటింటికీ తిరిగి మింగించే డి.ఇ.సి. మాత్రలు అవే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు పరిశోధన సారథ్యంలో ఉన్న కాలంలోనే బెంజమిన్ డగ్గర్ చేతిమీదుగా వెలువడింది. వీటి గురించి విడిగా ఒక పాఠమే రాయవచ్చు. మనం ఫోలిక్ ఆమ్లం దగ్గరే ఉందాం.

నకిలీ తాళంచెవి

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పదార్థాలు ఇచ్చి చూశారు. వాటితో జబ్బు మరింత వేగంగా పెరిగినట్లు ఆయనకు అనిపించింది. విటమిను ఇస్తే జబ్బు పెరుగుతున్నదంటే ఆ విటమినుకు అడ్డుపడేదాన్ని ఇస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న ఇటు ఫార్బర్‌నూ అటు సుబ్బారావునూ ఒకే దారిలోకి తెచ్చింది.

లెడర్లీ రసాయనవేత్తలు ఫోలిక్ ఆమ్లంలో చిన్న మార్పులు చేసి, చూడటానికి అలాగే ఉండి పనిచేయని పదార్థాలు తయారుచేశారు. తాళంలో దూరుతుంది గాని తిరగని తాళంచెవి వంటివి. అది ఇరుక్కుపోతే అసలు చెవికి చోటు దొరకదు. అటువంటి వాటిలో ఒకటి అమినోప్టెరిన్. మరికొంచెం మార్పుతో వచ్చినది మెథోట్రెక్సేట్.

ఫార్బర్ 1947 చివరలో అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టి, 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. పదహారు మంది పిల్లలకు ఇస్తే పది మందిలో మెరుగుదల కనిపించింది. ఉబ్బిన ప్లీహం తగ్గింది, రక్తకణాల లెక్క మామూలుకు దగ్గరగా వచ్చింది. మంచం మీది పిల్లలు లేచి ఆడుకున్నారు. అయితే ఆయన తన వ్యాసం పేరులోనే ఈ మెరుగుదల తాత్కాలికమని స్పష్టంగా చెప్పారు. నెలల తరబడి నిలిచిన తరువాత జబ్బు తిరగబెట్టింది. అదే మందు ఈసారి పనిచేయలేదు.

ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 సంవత్సరాలు.

మందు ఎవరిని పట్టుకుంటుంది?

మందు ఎందుకు ఓడిపోతున్నదో తెలియాలంటే కణం లోపలికి వెళ్ళాలి. కర్మాగారం ఉన్న ఊరివారికి దీనిని అర్థం చేసుకోవడం తేలిక.

ఒక పెద్ద కర్మాగారంలో డ్రాయింగు ఆఫీసు ఉంటుందనుకోండి. అసలు బొమ్మలు అక్కడి బీరువాలోనే ఉంటాయి, బయటికి రావు. ఏదైనా యంత్రభాగం కావలసి వచ్చినప్పుడు దాని బొమ్మకు నకలు తీసి షాపుకు పంపుతారు. షాపులో ఆ నకలు చూసి భాగం తయారుచేస్తారు. కణంలో అసలు బొమ్మలు ఉండే చోటు కేంద్రకం. ఆ బొమ్మలు డి.ఎన్.ఎ. నకలు కాగితమే ఆర్.ఎన్.ఎ. షాపులోని యంత్రాలు రైబోసోములు. అవి ఆర్.ఎన్.ఎ.ను చదువుతూ మాంసకృత్తులను తయారుచేస్తాయి. ఆర్.ఎన్.ఎ.లో వేరే పనులు చేసే రకాలు కూడా ఉన్నాయి గాని మనకు ఇక్కడ ఈ నకలు కాగితం చాలు.

తయారైన మాంసకృత్తులలో చాలావాటికి ఎంజైములని పేరు. తిన్నదాన్ని విడగొట్టి శక్తి తీయడం, కావలసినవాటిని కూర్చడం, అంటే జీవక్రియ అంతా వీటి చేతి పని. ప్రతి ఎంజైములోనూ తాను పనిచేసే పదార్థం వచ్చి కూర్చునే ఒక గుంట ఉంటుంది.

అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఏ ఎంజైమును పట్టుకుంటున్నాయో 1950ల చివరికి తేలింది. దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. పొడవైన పేరు కాబట్టి ఈ పాఠంలో ఫోలేట్ ఎంజైము అందాము. వాడిపోయిన ఫోలేట్‌ను మళ్ళీ పనికివచ్చే రూపానికి తేవడం దీని పని. ఫోలేట్ లేకపోతే కణం డి.ఎన్.ఎ.కు కావలసిన ఒక అక్షరాన్ని తయారుచేయలేదు. డి.ఎన్.ఎ. నకలు కాకపోతే కణం రెండుగా చీలలేదు. క్యాన్సర్ కణాలు ఎడతెరిపి లేకుండా చీలుతుంటాయి కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ తగులుతుంది.

మరి మందు కొన్నాళ్ళకు ఎందుకు పనిచేయడం మానేస్తుంది? దీనికి ఒకటి కంటే ఎక్కువ కారణాలు ఉన్నాయి. కొన్ని కణాలు మందును లోపలికి రానివ్వవు. మరికొన్నింటిలో ఫోలేట్ ఎంజైము బొమ్మకు అసలు ప్రతులే పెరిగిపోతాయి. ఒకటి ఉండవలసిన చోట పదులు, వందలు అవుతాయి. ఈ సంగతిని అమెరికాలో రాబర్ట్ షిమ్కీ బృందం 1978లో చూపించింది. కాని అది మెల్లగా, కణాల తరాలు గడిచేకొద్దీ జరిగే మార్పు. మందు ఇచ్చిన కొద్ది సమయంలోనే కణంలో ఎంజైము పెరగడాన్ని అది వివరించదు. బొమ్మల సంఖ్య మారలేదు, నకళ్ళ సంఖ్యా మారలేదు, అయినా ఎంజైము పెరిగింది. ఎలా?

కాగితం పట్టుకుని కూర్చున్న పనివాడు

చాలా కాలం పాటు శాస్త్రజ్ఞులు ఎంజైములనూ ఆర్.ఎన్.ఎ.నూ వేరు వేరు శాఖలుగా చూశారు. ఎంజైములు వంటింట్లో పనిచేసేవి, ఆర్.ఎన్.ఎ. ఆఫీసులో తిరిగేది అన్నట్లుగా పుస్తకాలు కూడా రాశారు. 1991లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎడ్వర్డ్ చూ, కార్మెన్ అల్లెగ్రా మొదలైనవారు ఈ గోడను ఒకచోట పడగొట్టారు. ఫోలేట్ ఎంజైముకు తోడుగా పనిచేసే థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైము, తనను తయారుచేసే ఆర్.ఎన్.ఎ.నే పట్టుకుంటున్నదని వారు కనుగొన్నారు. 1993లో ఫోలేట్ ఎంజైము కూడా అదే పని చేస్తున్నదని చూపారు.

దీని అర్థం ఏమిటో మన కర్మాగారంలోనే చూడండి. షాపులో ఒక పనివాడు ఉన్నాడు. తనవంటి మరో పనివాడిని పంపమని కోరే కాగితం అక్కడికి వచ్చింది. చేతిలో పని లేనప్పుడు అతడు ఆ కాగితాన్ని పట్టుకుని కూర్చుంటాడు. కాగితం యంత్రం దగ్గరికి పోదు, కొత్త పనివాడు రాడు. ఉన్నవారికే పని లేనప్పుడు ఇంకొకరు ఎందుకు? పని వచ్చి చేతులు నిండినప్పుడు కాగితాన్ని వదిలేస్తాడు. యంత్రం దానిని చదువుతుంది, కొత్తవాడు వస్తాడు. ఏ పై అధికారీ చెప్పకుండానే లెక్క సరిపోతుంది.

ఇక్కడ పుస్తకం మూసి ఒక్క నిమిషం ఆలోచించండి. ఫోలేట్ ఎంజైము గుంటలో మెథోట్రెక్సేట్ దూరి కూర్చుంటే దాని చేతిలోని కాగితం ఏమవుతుంది?

ఎంజైముకు అది నకిలీ చెవి అని తెలియదు. గుంట నిండితే పని వచ్చిందన్నట్లే మారుతుంది, ఆర్.ఎన్.ఎ. మీద పట్టు సడలుతుంది. విడుదలైన ఆర్.ఎన్.ఎ.ను రైబోసోములు చదివి కొత్త ఎంజైములను తయారుచేస్తాయి. కొత్తవాటికి నకిలీ చెవి ఇంకా తగలలేదు, కాబట్టి అవి పనిలోకి దిగుతాయి. మందు ఒక చేత్తో ఎంజైమును ఆపుతూ, మరో చేత్తో దాని ఉత్పత్తికి తలుపు తీస్తున్నది. ఇరవయ్యో శతాబ్దపు వైద్యంలో నాకు తెలిసినంతలో ఇంత వింతైన చిక్కు మరొకటి లేదు. సుబ్బారావు ప్రయోగశాలలో రసాయనవేత్తలు చెవి నమూనా గీస్తున్నప్పుడు తాళానికి ఇటువంటి రెండో పని ఉందని ఊహించడానికి కూడా ఆధారం లేదు. నకలు కాగితంగా పనిచేసే ఆర్.ఎన్.ఎ.నే 1961లో గాని గుర్తించలేదు.

మలేరియా దగ్గర ఇదే కథ తలకిందులవుతుంది. మలేరియా పరాన్నజీవికి కూడా ఒక ఫోలేట్ ఎంజైము ఉంది. పైరిమెథమిన్ అనే మందు దానినే ఆపుతుంది. ఆ ఎంజైము కూడా తన ఆర్.ఎన్.ఎ.ను పట్టుకుంటుంది. కాని మందు వచ్చి గుంటలో కూర్చున్నా కాగితాన్ని వదలదని ప్రదీప్‌సింహ్ రాథోడ్, ఆయన సహచరుడు 2002లో చూపించారు. అందువల్ల మందు తగిలినప్పుడు మన కణం త్వరగా కొత్త ఎంజైము తయారుచేసుకుని తట్టుకోగలదు, పరాన్నజీవి తట్టుకోలేదు. మందు మనిషిని వదిలి పురుగును చంపడంలో ఈ తేడాకు కూడా పాత్ర ఉందన్నమాట. ఎంజైములో మార్పులు వచ్చి మొండికెత్తిన పరాన్నజీవుల సంగతి వేరు.

ఇటువంటి ఎంజైములు ఎన్ని?

ఒకటి రెండు ఎంజైములకు మాత్రమే ఉన్న అలవాటు ఇదని మొదట అనుకున్నారు. 2012లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మథియాస్ హెంట్సే బృందం మనిషి కణాల మీద అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసింది. ఆ క్షణంలో ఆర్.ఎన్.ఎ.ను తాకుతూ ఉన్న మాంసకృత్తులు దానికి అతుక్కుపోతాయి. తరువాత ఆర్.ఎన్.ఎ.ను బయటికి లాగితే, పట్టుబడ్డ దొంగల్లా అవీ వెంట వస్తాయి. అలా 860 మాంసకృత్తులు దొరికాయి. వాటిలో ఆర్.ఎన్.ఎ.తో ఏ సంబంధమూ లేదనుకున్న జీవక్రియ ఎంజైములు కూడా ఉన్నాయి. చక్కెరను విడగొట్టే ఎంజైములు వాటిలోనివే.

ఈ ఎంజైములు ఆర్.ఎన్.ఎ.ను ఎలా గుర్తుపడుతున్నాయి? మీరు గుర్తుపెట్టుకున్న సంగతి ఇక్కడ పనికివస్తుంది. చాలా ఎంజైములలో ఏ.టి.పి.గాని దాని బంధువులుగాని కూర్చునే గుంట ఉంటుంది. ఏ.టి.పి. ఆర్.ఎన్.ఎ.లో ఒక అక్షరం కూడా. నాణేనికి సరిపోయే గుంటలో ఆ నాణేల దండలోని ఒక భాగం కూడా దూరగలగడంలో ఆశ్చర్యం లేదు. చక్కెరను విడగొట్టే ఒక ఎంజైములో ఈ గుంటే ఆర్.ఎన్.ఎ.ను పట్టుకుంటున్నదని ప్రయోగాలలో కనిపించింది. అయితే దొరికిన ప్రతి కలయికకూ ఒక ప్రయోజనం ఉందని అనుకోవద్దు. రద్దీ బజారులో ఇద్దరు భుజాలు తాకినంత మాత్రాన వారికి చుట్టరికం ఉన్నట్లు కాదు. కొన్నింటి విషయంలోనే అది రుజువయింది.

మందు ఇప్పుడు

ఈ రోజున ల్యుకేమియా ఉన్న పిల్లలకు మెథోట్రెక్సేట్‌ను ఒక్కదాన్నే ఇవ్వరు. వేరు వేరు చోట్ల దెబ్బతీసే మందులను కలిపి ఇస్తారు. పిల్లలలో ఎక్కువగా వచ్చే రకం ల్యుకేమియా మంచి చికిత్స అందితే చాలామందిలో పూర్తిగా నయమవుతున్నది. కీళ్ళవాతానికి కూడా ఇదే మందును తక్కువ మోతాదులో ఇస్తారు. మీ ఇంట్లో ఎవరైనా దానిని వాడుతుంటే ఒక జాగ్రత్త తప్పనిసరి. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. చీటీలో ఉన్న రోజు పేరును ఇంట్లోవారు కూడా చదివి చూడాలి.

సుబ్బారావు శత జయంతి అయిన 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. అంతకుముందే 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. తన పరిశోధనశాల నుంచి వెలువడిన వ్యాసాలలో సహచరుల పేర్లను ముందుకు నెట్టి తాను వెనుక ఉండటం ఆయనకు అలవాటు. బహుశా అందువల్లే ఆయన మందులు తెలిసినంతగా ఆయన పేరు తెలియదు.

మీ బస్తీలో సహియా దీదీ గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రను చూసే ఉంటారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఈ ఇనుము సంగతి చూసేది కూడా ఒక జీవక్రియ ఎంజైమే. దాని పేరు అకోనిటేజ్. తన లోపల ఇనుము ఉన్నంతకాలం అది ఎంజైముగా పనిచేస్తుంది. కణంలో ఇనుము తగ్గితే పని మానేసి ఆర్.ఎన్.ఎ.లను పట్టుకుంటుంది. ఇనుమును నిలవచేసే డబ్బా తయారు కాకుండా ఒక కాగితాన్ని ఆపుతుంది. ఇనుమును లోపలికి తెచ్చే ద్వారాలు ఎక్కువ తయారయ్యేలా మరో కాగితం చిరిగిపోకుండా కాపాడుతుంది. మాత్రలోని ఇనుము కణానికి చేరితే రెండు కాగితాలనూ వదిలి మళ్ళీ ఎంజైముగా మారుతుంది. మాత్రలో మిగిలిన సగం ఫోలిక్ ఆమ్లం. దానిని పనికివచ్చే రూపానికి మార్చేది సుబ్బారావు బృందం చేసిన మందు ఆపే ఆ ఫోలేట్ ఎంజైమే.